దుబాయ్ స్కూలు ఫీజుకి పన్నెండు గళ్ల కాగితం

జూలైలో సెలవులకి దుబాయ్ నుంచి మేం విజయవాడ పటమటకి వచ్చామని తెలిస్తే చాలు, ఆఫర్ లెటర్ పట్టుకుని ఎవరో ఒకరు మా గేటు తీస్తారు. పోయిన జూలైలో వచ్చింది మా వెనక వీధి అమ్మాయి. "అక్కా, మా ఆయనకి దుబాయ్‌లో ఉద్యోగం వచ్చింది. ఇద్దరు పిల్లలు. స్కూలు ఫీజు ఏడాదికి ఎంతవుతుందో చెప్పు చాలు" అంది, కుర్చీలో సరిగా కూర్చోకుండానే.

"ఏడాది సంగతి తర్వాత. వెళ్లిన నెలలో ఎంత తియ్యగలరు?" అని అడిగాను.

ఆ అమ్మాయి బిత్తరపోయింది. 2024 ఫిబ్రవరిలో నన్నెవరైనా ఇలా అడిగి ఉంటే నేనూ అలాగే చూసేదాన్ని. గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్‌గారి ఆఫీసులో పదేళ్లు లెక్కలు రాసినదాన్ని, అయినా సొంత ఇంటి లెక్క తప్పాను. మొత్తం దాదాపు సరిగ్గానే వచ్చింది, నెలలే తప్పాయి. నెలనెలా సరిపోతాయనుకున్న డబ్బులు ఏప్రిల్ నెలకి చాల్లేదు. అప్పటి నుంచీ అడిగినవాళ్లకి చెప్తున్న పద్ధతి ఇది. మా అనుభవం దుబాయ్‌ది కాబట్టి లెక్కలు అక్కడివే. దోహా అయినా సింగపూర్ అయినా కాగితం గీసే తీరు ఇదే.

ముందు ఒక్క మాట. అసలు ఫీజు కట్టాల్సిన దేశమేనా చూసుకోండి. అమెరికాలో హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వెళ్లే పిల్లలకి పబ్లిక్ స్కూల్లో ఫీజు ఉండదు. బ్రిటన్‌లో వర్క్ వీసా మీద వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు ప్రభుత్వ బడిలో ఉచితంగానే చదువుతారు. అక్కడ ప్రైవేటు బడి కావాలంటే మాత్రం 2025 జనవరి నుంచి ఫీజు మీద 20 శాతం వ్యాట్ కూడా కట్టాలి. జర్మనీలో కూడా ప్రభుత్వ బడికి ఫీజు లేదు, భాష ఒక్కటే బెడద. గల్ఫ్‌కి వెళ్లే మనలాంటి వాళ్లకి ఆ అదృష్టం లేదు, మన పిల్లలు ప్రైవేటులోనే చదవాలి.

ఫీజు పట్టికని నిలువుగా చదవండి

దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లన్నీ కేహెచ్‌డీఏ అనే సంస్థ అజమాయిషీలో ఉంటాయి. ఏ స్కూల్లో ఏ తరగతికి ఎంత ఫీజో వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. అంతకన్నా ఎక్కువ వసూలు చెయ్యడానికి స్కూలుకి వీల్లేదు. ఇక్కడ మన స్కూళ్లకి ఫోన్ చేస్తే "రండి మేడమ్, మాట్లాడుకుందాం" అంటారు. అక్కడ బేరం లేదు, దాపరికమూ లేదు. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

అందరూ చేసే తప్పేమిటంటే, తమ పిల్ల తరగతి ఎదురుగా ఉన్న అంకె ఒక్కటే చూసి పట్టిక మూసేస్తారు. కింది దాకా చదవాలి. తరగతి పెరిగే కొద్దీ ఫీజు పెరుగుతుంది, ఆ పెంపు ఏటా ఒకేలా ఉండదు. మా స్కూల్లో 5 నుంచి 6కి 1,400 దిర్హంల తేడా, 8 నుంచి 9కి 2,100. ఇది కాక కేహెచ్‌డీఏ ఏటా ఒక శాతం ప్రకటిస్తుంది, స్కూళ్లు అంత మేరకి ఫీజు పెంచుకోవచ్చు. 2024-25కి అది 2.6 శాతం, 2025-26కి 2.35 శాతం. ఈ శాతం చూసి "ఓస్, ఇంతేనా" అనుకుంటారు. జేబుకి అసలు చిల్లు పెట్టేది తరగతి మారినప్పుడు పడే పెంపు. అందుకే కనీసం మూడేళ్ల ఫీజు ఒకే కాగితం మీద రాసుకోండి.

సిలబస్‌ని బట్టి కూడా అంతరం పెద్దదే. సీబీఎస్‌ఈ స్కూళ్లకీ, పేరున్న బ్రిటిష్, ఐబీ స్కూళ్లకీ ఫీజులో నాలుగైదు రెట్లు తేడా ఉండటం అక్కడ మామూలు. మా ఆయన కొలీగ్ ఒకాయన "మనం వచ్చింది పిల్లల కోసమే కదా" అని బ్రిటిష్ స్కూల్లో వేశాడు. రెండో ఏడు పిల్లల్ని సీబీఎస్‌ఈకి మార్చాడు. ఫీజు పోయింది సరే, ఆ పిల్లవాడికి స్నేహితులు కూడా పోయారు. ఐదేళ్లు లాగగలమని నమ్మకం ఉంటేనే అటు వెళ్లండి.

ట్యూషన్ ఫీజు మీద పడేవి

మా పెద్దది 6వ తరగతి, చిన్నవాడు 1. సీబీఎస్‌ఈ స్కూలు. ట్యూషన్ ఫీజు పెద్దదానికి 14,000 దిర్హంలు, వాడికి 11,500, కలిపి 25,500. మేం లెక్క వేసిన రోజు దిర్హం 22 రూపాయల 70 పైసలు. అంటే 5 లక్షల 79 వేలు. ఇక్కడ కార్పొరేట్ స్కూల్లో ఇద్దరికీ కట్టేదానికి రెట్టింపు పైనే. పర్వాలేదు, జీతం కూడా ఆ స్థాయిలో ఉంది కదా అనుకున్నాం.

తర్వాత ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. బస్సు పిల్లకి 4,800, ఇద్దరికీ 9,600. పుస్తకాలు 1,800. పెద్దదానికి ట్యాబ్ 1,300. యూనిఫాం, బూట్లు కలిపి 1,000, ట్యూషన్ ఫీజు మీద వ్యాట్ లేకపోయినా యూనిఫాం మీద 5 శాతం పడుతుంది. ఏడాది పొడుగునా ట్రిప్పులు, ఫంక్షన్ డ్రెస్సులు 1,000. రెండు స్కూళ్లకి ఇద్దరి పేరా అప్లికేషన్లు పెట్టాం, ఒక్కోదానికి 500 చొప్పున 2,000. కలిపితే 42,200 దిర్హంలు, రూపాయల్లో 9 లక్షల 58 వేలు.

అంటే మొదటి ఏడాది ట్యూషన్ ఫీజుకి ఒకటిన్నర రెట్లు దాటిపోయింది. మీ స్కూలు ఫీజు పట్టిక మీద కూడా ముందుగా ఆ ఒకటిన్నర వేసి చూసుకోండి. బస్సు లేకుండా నడిచి వెళ్లేంత దగ్గర్లో ఇల్లు దొరికితే చాలా తగ్గుతుంది, కానీ అలాంటి ఇళ్లకి అద్దె కూడా అలాగే ఉంటుంది. అద్దెలో తేడా, బస్సు ఖర్చు పక్కపక్కన రాసి చూడండి. ఇద్దరు పిల్లలుంటే ఒక్కోసారి దగ్గర ఇల్లే కలిసొస్తుంది.

పన్నెండు గళ్లు

మా మావయ్యగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించి నెలకి ఇంత అని రాస్తుంటే పక్కన కూర్చుని చూశారు. "అమ్మాయ్, బస్సులో జనం స్టేజీకి ఇంతమంది అని లెక్కగా ఎక్కరు. బెంజ్ సర్కిల్లో నలభై మంది, తర్వాత స్టాపులో ఒక్కడూ ఉండడు. ఏ స్టేజీ ఎస్సార్, అంటే టికెట్ల లెక్క, ఆ స్టేజీలోనే మూసెయ్యాలి" అన్నారు. పాత క్యాలెండర్ తిరగేసి, వెనకవైపు స్కేలు పెట్టి ఆయనే గళ్లు గీసిచ్చారు. ఫిబ్రవరి నుంచి మళ్లీ జనవరి దాకా పన్నెండు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది, మీద కాఫీ మరక కూడా ఉంది.

అందులో పడిన అంకెలు ఇవి. దిర్హంలలో:

ఫిబ్రవరి: అప్లికేషన్లు 2,000, సీటు ఖాయం చెయ్యడానికి ట్యూషన్ ఫీజులో 10 శాతం 2,550. మొత్తం 4,550.
ఏప్రిల్: మొదటి టర్మ్‌లో ఆ 10 శాతం పోను 5,950, బస్సు 3,200, పుస్తకాలు, ట్యాబ్, యూనిఫాం 4,100. మొత్తం 13,250.
సెప్టెంబరు: 11,700.
జనవరి: 11,700.

మిగతా ఎనిమిది గళ్లలో ట్రిప్పుల చిల్లర తప్ప ఏమీ లేదు. సగటు వేస్తే నెలకి 3,500 దిర్హంలు, వినడానికి హాయిగా ఉంటుంది. ఏప్రిల్ గడిలో దానికి నాలుగు రెట్లు దగ్గరగా ఉంది.

అదే ఏప్రిల్లో ఇల్లు కూడా తీసుకోవాలి. దుబాయ్‌లో అద్దె నెలనెలా ఇచ్చేది కాదు. ఏడాది అద్దెని ఒకటి నుంచి నాలుగు చెక్కుల్లో ఇవ్వడం వాడుక, మొదటి చెక్కుతో పాటు మామూలుగా 5 శాతం డిపాజిట్, ఇంకో 5 శాతం ఏజెంటు కమిషన్. స్కూలు గడి కింద అద్దె గడి కూడా గీసుకోండి. ఈ రెండూ ఒకే నెలలో మీద పడటం వల్లే చాలామంది వెళ్లీ వెళ్లగానే క్రెడిట్ కార్డు గీకుతారు. వీలుంటే ఆయన ముందు వెళ్లి ఇల్లు చూసుకుని, మీరు ఒక టర్మ్ ఆగి వెళ్లండి. కానీ ఇండియన్ స్కూళ్లకి ఏడాది ఏప్రిల్లో మొదలవుతుంది, బ్రిటిష్, అమెరికన్ స్కూళ్లకి ఆగస్టు చివర, సెప్టెంబరు. మనకేమో ఏప్రిల్లో కూడా పరీక్షలు ఉంటాయి. మా వాళ్లు అక్కడ చేరేసరికి మూడు వారాల పాఠాలు అయిపోయాయి, టర్మ్ ఫీజు మాత్రం పూర్తిగా కట్టాం.

మధ్యలో మానేస్తే ఎంత తిరిగొస్తుందో కూడా ముందే చదువుకోండి. అక్కడ నిబంధన ప్రకారం టర్మ్‌లో రెండు వారాలలోపు చదివి మానేస్తే ఒక నెల ఫీజు పట్టుకుంటారు. నెలలోపు అయితే రెండు నెలలది. నెల దాటితే టర్మ్ మొత్తం పోయినట్టే. ఉద్యోగం ఊగిసలాటలో ఉంటే ఈ తేదీలు కూడా గడిలో రాసుకోండి.

ఆఫర్ లెటర్‌లో ఆ ఒక్క లైను

మా ఆయన ఆఫర్ లెటర్‌లో ఎడ్యుకేషన్ అలవెన్స్ అని ఉంది. ఒక్కో పిల్లకి 10,000 దిర్హంలు. చూసి ఎగిరి గంతేశాం. కింద చిన్న అక్షరాల్లో మూడు మెలికలున్నాయి. ట్యూషన్ ఫీజుకి మాత్రమే ఇస్తారు, బస్సుకీ పుస్తకాలకీ లేదు. మనం కట్టి రసీదు ఇస్తే తర్వాత వాళ్లు ఇస్తారు. ప్రొబేషన్ పూర్తయ్యాకే.

అక్కడి చట్టం ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండొచ్చు. ఈయనకి ఆగస్టులో పూర్తయింది, మొదటి డబ్బు అక్టోబరు జీతంతో వచ్చింది. అప్పటికి మా చేతి నుంచి 29,500 దిర్హంలు వెళ్లిపోయాయి, అంటే 6 లక్షల 70 వేలు. కంపెనీ ఇచ్చే 20,000 తీసేసినా ఏడాదికి మా సొంతంగా 22,200 పడింది. కాబట్టి మీ కాగితం మీద అలవెన్స్‌ని రాసిచ్చిన తేదీకి కాకుండా చేతికొచ్చే నెలలో రాయండి. సంతకం పెట్టేముందు హెచ్ఆర్‌ని అడగండి: ఫీజు నేరుగా స్కూలుకి కడతారా, మొదటి టర్మ్‌కి అడ్వాన్స్ ఇస్తారా, ఎంతమంది పిల్లల దాకా ఇస్తారు. అడిగితే ఉద్యోగం ఊడదు. మేం మొహమాటపడి అడగలేదు. మా తర్వాత చేరిన అబ్బాయి అడిగి అడ్వాన్స్ తీసుకున్నాడు.

రూపాయలు ఎక్కడి నుంచి తేవాలి

ఫిబ్రవరి, ఏప్రిల్ గళ్లు కలిపి 17,800 దిర్హంలు, 4 లక్షల 4 వేలు. అత్తయ్యగారి పేర 5 లక్షల చీటీ నడుస్తోంది. పాట పాడి ఎత్తాం. చేతికి వచ్చింది 4 లక్షల 5 వేలు. సరిగ్గా సరిపోయిందని ఆ రోజు మురిసిపోయాం కూడా. 95 వేలు వదులుకున్నామని రాత్రి పడుకున్నాక తట్టింది నాకు. అదే నా నగలు బ్యాంకులో పెట్టి 4 లక్షలు తెచ్చుకుని ఉంటే, పది శాతం వడ్డీ అనుకున్నా, అక్టోబరు, నవంబరుకల్లా తీర్చేస్తే 23 వేల చిల్లరతో పోయేది. కొన్ని నెలల ఇబ్బందికి చీటీ పాడకండి. మన విజయవాడలో ఏ అవసరం వచ్చినా ముందు చీటీ వైపే చూస్తాం, అదొక జబ్బు.

ఆడపిల్ల పేర సుకన్య ఖాతా ఉంటే ఆ సంగతీ చూసుకోండి. పిల్ల ఎన్నారై అయ్యాక ఆ ఖాతా కొనసాగించడానికి కుదరదు, మూసెయ్యాలి. ఎలాగూ మూసేదే అయినప్పుడు ఆ డబ్బుని మీ లెక్కలో కలుపుకోండి.

ఇక్కడి నుంచి పంపేటప్పుడు బ్యాంకులో ఫారం ఏ2తో పాటు స్కూలు ఇన్వాయిస్ ఇవ్వాలి. ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, మనకి అంత పని పడదు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల దాకా పంపితే టీసీఎస్, అంటే బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, లేదు. దాటితే పై మొత్తం మీద పట్టుకుంటారు, చదువు కోసం అని చూపిస్తే రేటు తక్కువ. అలా పట్టుకున్నది రిటర్న్ వేసినప్పుడు తిరిగి తెచ్చుకోవచ్చు, కానీ డబ్బు నెలల తరబడి అక్కడ ఇరుక్కుంటుంది. బ్యాంకు ఇచ్చే రేటు కూడా అడగండి. గూగుల్లో కనిపించినదానికన్నా మాకు దిర్హంకి 40 పైసలు ఎక్కువ వేశారు. 17,800 మీద అది 7 వేలు. ఇంకో బ్యాంకులో అడిగి ఉంటే కనీసం సగం మిగిలేదేమో.

దిర్హం డాలర్‌కి కట్టేసి ఉంటుంది, డాలర్‌కి 3.6725. డాలర్ పెరిగి రూపాయి పడితే మన వైపు నుంచి పంపే ఫీజు పెరిగినట్టే. మేం వెళ్లినప్పుడు 22.70 ఉన్న దిర్హం ఇప్పుడు 24 దాటింది. అందుకే ఇక్కడి నుంచి పంపే భాగానికి పది శాతం ఎక్కువ వేసుకోండి. అక్కడి జీతంలోంచి కట్టేదాన్ని మాత్రం రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దు. నేను మొదటి ఆరు నెలలు యూనిఫాం సాక్సుని కూడా రూపాయల్లో లెక్కేసి ఏడ్చాను.

టీసీలో ఒక అక్షరం

ఈ ఖర్చు ఏ ఫీజు పట్టికలోనూ ఉండదు. దుబాయ్ స్కూలు టీసీ అడుగుతుంది. ఇక్కడి స్కూలు ఇచ్చిన టీసీ మీద విద్యాశాఖ సంతకం, తర్వాత విదేశాంగ శాఖది, ఆ తర్వాత యూఏఈ ఎంబసీది ఉండాలి. అపోస్టిల్ అనే విదేశాంగ శాఖ ముద్ర ఒక్కటీ చాలదు. ఇద్దరికీ ఏజెంటు ద్వారా చేయిస్తే మాకు 18 వేలయింది.

మా మరిది ఫైలు పట్టుకుని డీఈఓ ఆఫీసుకి వెళ్లాడు. అక్కడి గుమస్తా టీసీని, పాస్‌పోర్ట్ జిరాక్స్‌ని పక్కపక్కన పెట్టి, పెన్ను మూత తియ్యకుండా దాంతోనే ఒక్కో అక్షరం మీద నడిపించుకుంటూ వెళ్లి ఆగాడట. టీసీలో పిల్ల పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం ఒక్కటే ఉంది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. "ఇద్దరూ ఒకటే అని ఎంబసీకి ఎలా తెలుస్తుంది బాబూ?" అన్నాడట. ఆయన అన్నది నిజమే. మళ్లీ స్కూలుకి వెళ్లి అడ్మిషన్ రిజిస్టర్‌లో దిద్దించి కొత్త టీసీ తేవడానికి 11 రోజులు పట్టింది. మన తెలుగు ఇళ్లన్నిటిలో ఇదే కథ. జనవరిలోనే టీసీ, ఆధార్, పాస్‌పోర్ట్, జనన ధ్రువపత్రం నాలుగూ మంచం మీద పరిచి పేరు సరిచూసుకోండి. అన్నట్టు, వచ్చే ఏడాది సీటు కన్ఫర్మేషన్ అని జనవరిలో ఇక్కడి స్కూల్లో పిల్లకి 8 వేలు కట్టేశాం. వెనక్కి ఇవ్వలేదు. ఆఫర్ వచ్చే సూచన ఉంటే ఆ డబ్బు కట్టకుండా ఆపండి.

రెండో భాష

మా పెద్దదానికి ఇక్కడ రెండో భాష తెలుగు. అక్కడి స్కూల్లో తెలుగు లేదు, హిందీ తీసుకుంది. అరబిక్ తప్పనిసరి, తప్పించుకునే దారి లేదు. ఆరో తరగతి హిందీ పాఠం చదవలేక ఏడ్చేది. పక్క ఫ్లాట్‌లో ఉండే ఆవిడ దగ్గర ట్యూషన్ పెట్టాం, అది నా గళ్లలో లేదు. మీ పిల్లలకి హిందీ రాకపోతే వెళ్లేలోపు ఇక్కడ ఉన్న నెలల్లోనే మొదలెట్టించండి. ఇక్కడి ఖర్చు అక్కడిదానిలో నాలుగో వంతు కూడా ఉండదు. తెలుగు పోకుండా లెనిన్ సెంటర్‌లో పాత వాచకాలు కొని తీసుకెళ్లాను, కిలో బరువు కూడా లేవు. వాటిని ఎప్పుడు తీస్తారంటే ఇంటర్నెట్ పోయినప్పుడు.

తిరిగొచ్చే గడి

దీన్ని ఎవరూ రాసుకోరు. మన ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్‌లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి. లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్ రెండో ఏడుతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలి. అంటే తొమ్మిదికి వచ్చెయ్యాలి. పదకొండు, పన్నెండు అక్కడే చదివిస్తే ఇంకో దారి ఉంది. ఎన్‌ఐటీల్లో విదేశాల్లో చదివిన పిల్లలకి డాసా అనే కోటా కింద సీట్లుంటాయి, అందులో గల్ఫ్‌లో పనిచేసేవాళ్ల పిల్లలకి సీఐడబ్ల్యూజీ అని విడిగా ఉంటాయి. వాటికి ఫీజు ఇక్కడి పిల్లలతో సమానం, జేఈఈ మెయిన్ రాయాలి. ఏ దారైనా ఫర్వాలేదు, ముందే ఎంచుకోండి. తొమ్మిదో తరగతి ఫీజు అక్కడ కట్టేశాక ఆలోచిస్తే ఆ టర్మ్ ఫీజు దండగ.

వెనక వీధి అమ్మాయికి ఇదంతా చెప్పేసరికి చీకటి పడింది. మావయ్యగారు ఆ అమ్మాయికి కూడా ఒక పాత క్యాలెండర్ తిరగేసి గళ్లు గీసిచ్చారు. మా పెద్దది 2027లో తొమ్మిదికి వస్తుంది. నా కొత్త కాగితంలో 2027 జూన్ గడిలో "పటమట, అడ్మిషన్ ఫీజు" అని రాశాను. ఎదురుగా అంకె ఇంకా వెయ్యలేదు, మన స్కూళ్ల వాళ్లు ఫోన్‌లో చెప్పరు కదా.